ఆసుపత్రి క్యాజువాలిటీ నుంచి ఇంటికి వచ్చాక ఆస్తమా మళ్లీ తిరగబెట్టకుండా ఏం చేయాలి?

ప్రశ్న: తెనాలి అన్నయ్య

మా చెల్లెలికి 27 ఏళ్లు. చిన్నతనంలో ఉబ్బసం ఉండేది. ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి అది తగ్గిపోయిందని మేమంతా అనుకున్నాం. చలికాలంలో రాత్రుళ్లు దగ్గడం, మెట్లెక్కితే పిల్లికూతలు రావడం ఉన్నా, నీలం రంగు ఇన్‌హేలర్ రెండు పఫ్‌లు పీల్చుకుంటే సర్దుకునేది కాబట్టి డాక్టర్‌కు చూపించాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు.

ఈ ఏడాది భోగి రోజు తెల్లవారుజామున వీధిలో మంటలు వేశాక మొదలైన దగ్గు పగలంతా తగ్గలేదు. రాత్రి రెండు గంటలయ్యేసరికి పడుకోలేక, ఒక్క మాట కూడా పూర్తి చేయలేక అవస్థ పడుతుంటే ఊళ్లోని ఒక ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకువెళ్లాం. ఆక్సిజన్ పెట్టారు, మూడుసార్లు నెబులైజర్ ఇచ్చారు, ఇంజెక్షన్ చేశారు. తెల్లారేసరికి మామూలుగా మాట్లాడింది. ఐదు రోజులకు స్టెరాయిడ్ మాత్రలు, రోజూ రెండు పూటలా పీల్చమని మరొక ఇన్‌హేలర్ రాసి ఇంటికి పంపారు. ఒంట్లో బాగానే ఉందని మాత్రలు మూడో రోజుకే మానేసింది, కొత్త ఇన్‌హేలర్ వారం కూడా వాడలేదు. సరిగ్గా 19వ రోజు రాత్రి మళ్లీ అదే పరిస్థితి వచ్చింది. ఈసారి పెదవులు నీలంగా మారాయి, రెండు రోజులు ఐసీయూలో ఉంచవలసి వచ్చింది. నిన్ననే ఇంటికి తీసుకువచ్చాం.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాటగా ఉంది. ఇన్‌హేలర్ అలవాటైతే జన్మంతా వదలదని అమ్మ భయపడుతోంది. పైగా చెల్లెలికి సంబంధాలు చూస్తున్నాం కాబట్టి, వచ్చినవాళ్ల కంట పడకూడదని దాన్ని బీరువాలో చీరల కింద పెట్టింది. జూన్‌లో మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి తీసుకువెళ్లి చేప ప్రసాదం ఇప్పిద్దామని మేనమామ అంటున్నారు. మూడోసారి ఆ రాత్రి రాకూడదన్నదొక్కటే నా కోరిక. ఒకసారి తగ్గి ఇంటికి వచ్చాక 19 రోజులకే మళ్లీ ఎందుకు వచ్చింది? ఇప్పటి నుంచి మేం ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు, వైద్యులు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: అత్యవసర విభాగం వైద్యుడు, విజయవాడ

మీ చెల్లెలిని నేను చూడలేదు కాబట్టి ఏ మందు ఎంత వాడాలన్నది ఆమెను పరీక్షించిన వైద్యులే చెప్పాలి. అయితే 19 రోజులకే ఎందుకు తిరగబెట్టిందన్న మీ ప్రశ్నకు మాత్రం జవాబు ఉంది. దాన్ని కొంచెం విస్తరంగా చెబుతాను, ఎందుకంటే అది అర్థమైతే మిగిలిన సందేహాలలో సగం వాటంతట అవే తీరిపోతాయి.

ఆస్తమాలో శ్వాసనాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, నాళాల లోపలి పొర వాచి జిగట కఫం చేరుతుంది. నెబులైజర్‌లో ఇచ్చే సాల్‌బ్యుటమాల్ గానీ, నీలం ఇన్‌హేలర్‌లో ఉండే అదే మందు గానీ కండరాల బిగువును నిమిషాల్లో వదిలిస్తుంది, కానీ వాపు జోలికి పోదు. దాని ప్రభావం నాలుగైదు గంటలలో తగ్గిపోతుంది. మా దగ్గర నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు రోగి హాయిగా మాట్లాడుతుంటారు, కానీ ఆ వాపు లోపల అలాగే ఉంటుంది, పూర్తిగా అణగడానికి రోజులు కాదు, వారాలు పడుతుంది. ఆ వారాలలో కాస్త పొగ, కాస్త జలుబు తగిలినా నాళాలు మళ్లీ మూసుకుపోతాయి. మీ చెల్లెలికి వచ్చింది రెండో దాడి అని మీరు అనుకుంటున్నారు. నా దృష్టిలో అది భోగి నాటిదే, ఆరకుండా మిగిలిన నిప్పు మళ్లీ రాజుకున్నట్టు.

వాపును తగ్గించేవి స్టెరాయిడ్ మందులు. మాత్రల రూపంలో పెద్దవారికి సాధారణంగా 5 నుంచి 7 రోజులు ఇస్తాం, ఆ కోర్సు పూర్తి చేసి తీరాలి. అంతకంటే ముఖ్యమైనది రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్. దీని గురించి 1999లో ప్రచురితమైన ఒక కెనడా అధ్యయనం నాకెప్పుడూ గుర్తుకొస్తుంది. అత్యవసర విభాగం నుంచి ఇంటికి వెళుతున్న 188 మందిని రెండు భాగాలు చేసి, అందరికీ స్టెరాయిడ్ మాత్రలు ఇస్తూ, సగం మందికి మాత్రం బుడెసొనైడ్ అనే పీల్చే స్టెరాయిడ్ కూడా జతచేశారు. మాత్రలతోనే సరిపెట్టిన వారిలో 24.5 శాతం మందికి 21 రోజుల లోపల ఆయాసం తిరగబెట్టింది, ఇన్‌హేలర్ కూడా వాడిన వారిలో అది 12.8 శాతమే. మీ చెల్లెలు వారంలో మానేసిన ఇన్‌హేలర్ చేయవలసిన పని ఇదే.

ఇక అలవాటు పడిపోతుందన్న అమ్మగారి భయం గురించి. రోజుకు 40 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ మాత్ర అంటే 40,000 మైక్రోగ్రాములు, అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. పీల్చే మందు రోజుకు కొన్ని వందల మైక్రోగ్రాములు మాత్రమే, అందులోనూ ఎక్కువ భాగం శ్వాసనాళాల మీదే పనిచేస్తుంది. రెండు మందుల శక్తి ఒకటి కాదు కాబట్టి లెక్క సూటిగా పోల్చకూడదు, కానీ తేడా ఏ స్థాయిలో ఉందో అమ్మగారికి చెప్పడానికి ఇది పనికొస్తుంది. ఇన్‌హేలర్ మానేసిన ప్రతిసారీ క్యాజువాలిటీకి వచ్చి మాత్రల కోర్సు వాడవలసి వస్తే, జీవితకాలంలో అలాంటివి నాలుగైదు కోర్సులు దాటినా ఎముకలు బలహీనపడటం, మధుమేహం, కంటి శుక్లాలు వంటి ముప్పులు పెరుగుతాయి. స్టెరాయిడ్ అంటే భయపడేవారు ఇన్‌హేలర్‌ను గట్టిగా పట్టుకోవాలి.

మా వైపు లోపం కూడా ఒకటి ఒప్పుకోవాలి. తెల్లవారుజామున నాలుగింటికి, పక్కన మరో నలుగురు రోగులు ఎదురుచూస్తుండగా, చీటీ మీద ఒక్క వరుసలో ఇన్‌హేలర్ పేరు రాసి పంపేస్తాం. అది ఎందుకో, ఎన్నాళ్లో, ఎలా పీల్చాలో చెప్పే తీరిక మాకు ఉండదు. అందుకే వారం లోపు, వీలైతే రెండు మూడు రోజులలోనే, ఛాతీ వైద్యుల దగ్గరకు వెళ్లడం ఐచ్ఛికం కాదని గట్టిగా చెబుతున్నాను. బ్రిటన్‌లో 195 మంది ఆస్తమా మరణాలను సమీక్షించి 2014లో ఒక నివేదిక వెలువరించారు. వారిలో పదిమందికి ఒకరు ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన 28 రోజులలోపే చనిపోయారు. మీ చెల్లెలు ఐసీయూ దాకా వెళ్లి వచ్చిన మనిషి కాబట్టి ఆమె విషయంలో ఈ నాలుగు వారాలు మరింత జాగ్రత్తగా గడపాలి.

జవాబు: పాతికేళ్ల అనుభవం, ఒంగోలు

నేను ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, 41 ఏళ్లు, పదహారో ఏట నుంచి ఇన్‌హేలర్ వాడుతున్నాను. డాక్టర్ గారు చెప్పినదానికి ఇంటి వైపు నుంచి కొన్ని మాటలు జతచేస్తాను.

ముందుగా, చెల్లెలు ఇన్‌హేలర్ ఎలా పీలుస్తోందో మీరు దగ్గరుండి చూడండి. నేను తొమ్మిదేళ్లు తప్పుగా పీల్చాను. డబ్బా నొక్కిన తరువాత ఊపిరి లాగడం మొదలుపెట్టేదాన్ని, దాంతో మందంతా నాలుక మీదే పడేది. ఒక నర్సు తన ముందు పీల్చి చూపించమని అడిగే వరకు ఈ సంగతి నాకే తెలియదు. ముందు డబ్బాను బాగా కుదపాలి, ఊపిరి పూర్తిగా వదలాలి, నిదానంగా లోపలికి లాగడం మొదలుపెడుతూ నొక్కాలి, చివరిదాకా లాగి మనసులో పది లెక్కపెట్టే వరకు ఊపిరి బిగబట్టాలి. మధ్యలో స్పేసర్ గొట్టం పెట్టుకుంటే ఈ సమయం కుదర్చడమనే ఇబ్బంది చాలా వరకు పోతుంది, కాబట్టి అది తప్పక కొనండి. గుళిక వేసి తిప్పి పీల్చే పొడి మందు అయితే పద్ధతి వేరు, దాన్ని నెమ్మదిగా కాదు, ఒక్కసారిగా బలంగా లాగాలి. స్టెరాయిడ్ పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది. పళ్లు తోముకునే బ్రష్ పక్కన పెట్టుకుంటే రెండు పూటలా మరిచిపోరు, పుక్కిలించడమూ అక్కడే అయిపోతుంది. బీరువాలో చీరల కింద ఉన్న మందు ఎవరికీ గుర్తుండదు.

చేప ప్రసాదం సంగతి. మా నాన్నగారు నన్ను వరసగా మూడేళ్లు నాంపల్లి తీసుకువెళ్లారు. బత్తిని కుటుంబం వారు డబ్బు తీసుకోకుండా కొర్రమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి మింగిస్తారు, ఆ తరువాత పథ్యం చెబుతారు. మా నాన్నగారి నమ్మకాన్ని నేను ఈనాటికీ తక్కువ చేసి మాట్లాడను. అయితే ప్రసాదం పుచ్చుకున్నాం కదా అని ఇన్‌హేలర్ మానేసిన ఏడాదే నేను మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. మీ మేనమామగారికి చెప్పవలసింది ఇంకొకటి ఉంది. మృగశిర కార్తె జూన్‌లో వస్తుంది, మీ చెల్లెలికి ప్రమాదం ఉన్నది ఈ నెలలో. అప్పటిదాకా ఏం చేయాలన్నది ప్రసాదంతో తేలే విషయం కాదు. ఒకవేళ అప్పుడు వెళ్లినా, గంటల తరబడి ఆ జనంలో నిలబడే మనిషి చేతిసంచిలో ఇన్‌హేలర్ ఉండి తీరాలి.

పెళ్లి సంబంధాల మాట నాకు మనసుకు తగిలింది. నా పెళ్లిచూపుల రోజున మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మందు దాచారు, వంటింట్లో తాలింపు ఘాటుకు దగ్గు వచ్చింది, పీల్చుకోవడానికి మందు చేతికి అందలేదు. ఆ సంబంధం పోయింది. తరువాతి సంబంధం వారికి నేనే మొదటి రోజు చెప్పాను. వారు అడిగిన ప్రశ్న ఒక్కటే, రేపు పిల్లలు పుడితే ఇబ్బంది ఉంటుందా అని. గర్భిణిగా ఉన్నప్పుడు ఇన్‌హేలర్ మానకూడదని, మానితే తల్లికీ బిడ్డకీ ఆక్సిజన్ తగ్గే ప్రమాదం ఉంటుందని మా డాక్టర్ గారు వారికి స్వయంగా చెప్పారు. నాకు ఇద్దరు పిల్లలు. ఇద్దరూ కడుపులో ఉండగా రెండు పూటలా పీల్చాను. దాచి పెళ్లి చేస్తే అత్తవారింట్లో కూడా ఆ పిల్ల దాచుకునే పీల్చాలి, లేదా మానేయాలి. అమ్మగారు ఆలోచించవలసింది ఆ రోజు గురించి.

ఇంట్లో పొగ గురించి కూడా చూసుకోండి. భోగి మంట ఏడాదికి ఒకరోజు, దోమల చుట్ట ప్రతిరాత్రి. మా ఇంట్లో దాన్ని మానేసి దోమతెర కట్టిన తరువాతే నా రాత్రి దగ్గు తగ్గింది. మీ ప్రాంతంలో ఇది మిర్చి కాలం కూడా, కారం కొట్టించేటప్పుడు, కల్లాల్లో ఎండుమిర్చి ఎత్తేటప్పుడు ఆమెను దూరంగా ఉంచండి.

జవాబు: మందుల దుకాణం, ఏలూరు

నేను ఫార్మసిస్టుని. మీరు రాసినదాంట్లో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. నీలం ఇన్‌హేలర్‌తో సర్దుకునేది కాబట్టి డాక్టర్‌కు చూపించలేదని అన్నారు. అస్థలిన్ వంటి నీలం డబ్బాలో 200 పఫ్‌లు ఉంటాయి. ఏడాదికి మూడు, అంతకంటే ఎక్కువ డబ్బాలు అయిపోతున్నాయంటే ఆస్తమా అదుపులో లేదని, దాడి వచ్చే ముప్పు పెరిగిందని అర్థం. నెలకొకటి చొప్పున పన్నెండు దాటితే ప్రాణాపాయం పెరుగుతుందని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆమె గత ఏడాది ఎన్ని కొన్నదో దయచేసి లెక్కపెట్టండి. మా కౌంటర్ దగ్గర చీటీ లేకుండా నీలం డబ్బా అడిగి తీసుకువెళ్లేవారు రోజూ ఉంటారు. వాపు తగ్గించే ఇన్‌హేలర్ కోసం రెండోసారి వచ్చేవారు మాత్రం బాగా తక్కువ, ఎందుకంటే దాన్ని పీల్చిన వెంటనే ఏమీ తెలియదు, పనిచేయడం లేదనుకుంటారు.

ఇంకొక జాగ్రత్త. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కొందరు ఆస్తమా రోగులకు దాడి తెప్పిస్తాయి. మైగ్రేన్‌కు, చేతుల వణుకుకు ఇచ్చే ప్రొప్రనలాల్ మాత్రలు, గ్లకోమాకు వేసే టిమొలాల్ కంటిచుక్కలు కూడా ప్రమాదమే. ఏ మందు కొన్నా ఆస్తమా ఉందని ముందే చెప్పమనండి.

ప్రశ్న అడిగినవారు: తెనాలి అన్నయ్య

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ఏలూరు వారు చెప్పినట్టు డబ్బాలు లెక్కపెట్టాం. చెల్లెలి గదిలో, ఆఫీసు సంచిలో, స్కూటీ డిక్కీలో వెతికితే ఏడు ఖాళీవి దొరికాయి. ఎనిమిది నెలల్లో ఏడు. రెండు పఫ్‌లతో సర్దుకునేదని నేను పై ప్రశ్నలో రాసిన మాట తప్పు. మేము గమనించలేదు, ఆమె చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, చెబితే అమ్మ సంబంధాల గురించి దిగులుపడుతుందని అంది.

డాక్టర్ గారూ, రెండు సందేహాలు ఉన్నాయి. మళ్లీ ఆయాసం మొదలైతే ఎంతవరకు ఇంట్లో చూసుకోవాలి, ఎప్పుడు బయలుదేరాలి? మిగిలిపోయిన రెండు రోజుల స్టెరాయిడ్ మాత్రలు ఇంట్లో ఉన్నాయి, అవసరమైతే వేసుకోవచ్చా?

జవాబు: అత్యవసర విభాగం వైద్యుడు, విజయవాడ

ఏడు డబ్బాల సంగతి ఛాతీ వైద్యులకు తప్పక చెప్పండి, అది ఆమె చికిత్స స్థాయిని మార్చగల సమాచారం. గ్లోబల్ ఇనిషియేటివ్ ఫర్ ఆస్త్మా అనే అంతర్జాతీయ నిపుణుల సంస్థ 2019 నుంచి పెద్దవారికి నీలం ఇన్‌హేలర్ ఒక్కదానితోనే చికిత్స చేయడాన్ని సిఫార్సు చేయడం మానేసింది. వాపు తగ్గించే బుడెసొనైడ్, శ్వాసనాళాలను తెరిచే ఫార్మొటెరాల్ కలిసిన ఒకే ఇన్‌హేలర్‌ను రోజువారీకి, ఆయాసం వచ్చినప్పుడు ఉపశమనానికి కూడా వాడే పద్ధతి ఉంది. ఉపశమనానికి తీసుకునే ప్రతి పఫ్‌తోనూ వాపు మందు కూడా లోపలికి వెళ్లడం ఇందులోని మేలు. మీ చెల్లెలికి ఇది తగినదా అని వారిని అడగండి. అన్ని కలయిక ఇన్‌హేలర్లనూ ఇలా వాడకూడదు కాబట్టి సొంతంగా మొదలుపెట్టవద్దు.

మిగిలిన మాత్రలు మీ అంతట మీరు వేయకండి. వాటిని ఎప్పుడు, ఎన్ని వేసుకోవాలో వైద్యులు రాసిచ్చిన ప్రణాళికలో ఉంటేనే వేసుకోవాలి. ఆ ప్రణాళికను కాగితం మీద రాయించుకోండి. నోటిమాట రాత్రి రెండింటికి గుర్తుండదు. అందులో బాగున్న రోజు ఏం చేయాలో, దగ్గు, రాత్రి మెలకువ, నీలం మందు అవసరం పెరిగిన రోజు ఏం మార్చాలో, ఏ గుర్తు కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలో విడివిడిగా ఉండాలి. దాడి వచ్చే ముందు కొన్ని గంటలో, కొన్ని రోజులో ఏదో ఒక హెచ్చరిక చాలామందిలో ఉంటుంది. మీ చెల్లెలికి ఉదయం మొదలైన దగ్గు పగలంతా తగ్గలేదని మీరే రాశారు, ఆ సాయంత్రమే వైద్యులను కలవవలసింది.

ఒక్క ఊపిరిలో వాక్యం పూర్తి చేయలేకపోతే, ఉపశమన మందు పీల్చిన మూడు నాలుగు గంటల లోపే మళ్లీ అవసరమైతే, మెడ దగ్గర, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతుంటే ఆగవద్దు. పెదవులు నీలంగా మారినా, మగతగా ఉన్నా, ఎగశ్వాస ఉండి కూడా పిల్లికూతలు వినిపించడం ఆగిపోయినా అది అన్నిటికంటే తీవ్రమైన స్థితి. కూతలు ఆగాయి కదా అని తగ్గిందనుకుని ఇంట్లో ఉండిపోయినవారిని మేము చూశాం. గాలి కదలికే లేనప్పుడు కూత కూడా ఉండదు. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోగా ఆమెను కూర్చోబెట్టే ఉంచి, స్పేసర్‌తో నీలం మందు నాలుగు పఫ్‌లు ఒక్కొక్కటిగా ఇవ్వండి, 20 నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. ఒకసారి ఐసీయూకు వెళ్లిన చరిత్ర ఉన్నవారి విషయంలో ముందుగా బయలుదేరడమే మంచిది, ఆసుపత్రి గుమ్మం దగ్గర తగ్గిపోయి వెనక్కి వెళ్లినా మేమెవరం ఏమీ అనుకోం.

పీక్ ఫ్లో మీటర్ అనే, ఊపిరిని ఎంత వేగంగా బయటికి ఊదగలరో కొలిచే చిన్న పరికరం ఒకటి కొనండి. బాగున్న రోజుల్లో ఆమె ఊదగలిగిన గరిష్ఠ అంకె ఎంతో తెలిస్తే, అందులో 60 శాతానికి పడిపోయిన రోజు ఆమె బాగానే ఉన్నానని చెప్పినా మీటర్ నిజం చెబుతుంది. కష్టాన్ని దాచుకునే అలవాటు ఉన్నవారికి ఇది ఎంతో అవసరం. ముక్కు అలర్జీ, గుండెలో మంట ఉంటే వాటికీ చికిత్స చేయించండి, ఏటా ఫ్లూ టీకా వేయించండి.

ప్రశ్న అడిగినవారు: తెనాలి అన్నయ్య, పది రోజుల తరువాత

ఇంటికి వచ్చిన నాలుగో రోజున గుంటూరులో ఛాతీ వైద్యులకు చూపించాం. ఆయన మొదట అడిగింది ఇన్‌హేలర్ పీల్చి చూపించమని. ఒంగోలు మేడం గారు చెప్పిన పొరపాటే చెల్లెలు కూడా చేస్తోంది. స్పేసర్ ఇచ్చి మూడుసార్లు చేయించారు. కలయిక ఇన్‌హేలర్ రాశారు, ప్రణాళిక తెలుగులోనే పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చారు, దాన్ని ఫ్రిజ్ తలుపు మీద అతికించాం. ఈసారి మాత్రల కోర్సు పూర్తయింది. మొదటి రోజు పీక్ ఫ్లో 240 ఉండేది, ఈ ఉదయం 330 వచ్చింది. అత్యుత్తమ అంకె ఎంతో తేలడానికి ఇంకా రెండు వారాలు రాయమన్నారు.

దోమల చుట్టలు తీసేసి తెర కట్టాం. మామయ్య జూన్ ప్రయాణం సంగతి వదల్లేదు, కానీ ఇన్‌హేలర్ వెంట తీసుకువెళ్లాలని ఆయనే అంటున్నారు. అమ్మ ఒంగోలు మేడం గారి జవాబును నా చేత రెండుసార్లు చదివించుకుంది. ఏమీ అనలేదు. మర్నాడు చూస్తే ఇన్‌హేలర్, స్పేసర్ సింకు పక్కన అలమరలో, బ్రష్‌ల డబ్బా పక్కన ఉన్నాయి.